వి.ఎస్. అజరయ్య

వేదనాయకం సామ్యూల్ అజరయ్య (1874, ఆగస్టు 17 - 1945, జనవరి 1) ఆంగ్లికన్ క్రైస్తవ సంఘంలో బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడు. తమిళుడైన ఈయన తన జీవితంలో అధిక భాగం తెలుగువారి మధ్య గడిపాడు. దోర్నకల్ అధ్యక్ష మండలానికి 1912 నుండి మరణించేవరకు బిషప్పుగా పనిచేశాడు. నేటి తెలంగాణలోని దోర్నకల్ ఈయన నివాసస్థానమైనా, 1920 తరువాతి సంవత్సరాలలో కృష్ణా, గోదావరి మండలాలతో పాటు రాయలసీమలోని కర్నూలు, కడప జిల్లాల ఆంగ్లికన్ సంఘాలు కూడా ఈయన పర్యవేక్షణ క్రిందికి వచ్చాయి. విశ్వాసాన్ని నిలుపుకోవడం, తోటి విశ్వాసులను ఆదుకోవడం అనేవి వేరువేరు విషయాలు కావని ఈయన బోధించాడు. పేద గ్రామ సంఘాలు తమ అయ్యగారిని, బడిని, పొరుగువారిని తామే పోషించుకోగలగాలన్నది ఈయన ఆశయం.

బాల్యము, విద్యాభ్యాసము

అజరయ్య తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతానికి చెందిన వెళ్ళాళన్‌విళై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయకం ఆ గ్రామంలో ఆంగ్లికన్ గురువు. తల్లి పేరు ఎల్లెన్. వీరు నాడార్ కులానికి చెందినవారు. 19వ శతాబ్దంలో ఆ కులస్థులు అనేక సామాజిక నిషేధాలను ఎదుర్కొన్నారు. వారిలో పెక్కుమంది క్రైస్తవ మతాన్ని స్వీకరించి, విద్య ద్వారా పైకి వచ్చారు. ఈ అనుభవం అజరయ్యకు తరువాతి కాలంలో తెలుగు పల్లెలను అర్థం చేసుకోవడానికి తోడ్పడింది.

తిరునల్వేలిలో చదువుకున్న తరువాత ఈయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరాడు. గణితం ఈయన ప్రధాన విషయం. పట్ట పరీక్ష సమయంలో అనారోగ్యం కలగడంతో పట్టా పొందలేకపోయాడు. కళాశాలలో ఉండగానే కులభేదాలను పాటించే విద్యార్థుల ధోరణిని ఈయన ఇష్టపడలేదు. క్రైస్తవులలోనే కులం నిలిచి ఉండటం ఈయనను జీవితాంతం బాధించిన విషయాలలో ఒకటి.

వై.ఎం.సి.ఏ., స్వదేశీ మిషను సంఘాలు

1895లో అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా పర్యటించాడు. అమెరికా దేశస్థుడైన షేర్‌వుడ్ ఎడ్డీ ఈయనకు ఆప్తమిత్రుడయ్యాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె దక్షిణ భారతదేశంలో కళాశాల విద్య అభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. దోర్నకల్‌లో స్త్రీల విద్య, మాతృసంఘాల నిర్మాణం చాలవరకు ఆమె చేతి మీదుగానే జరిగాయి.

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాను సందర్శించాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనంతో ఇతర ప్రాంతాలకు ప్రచారకులను పంపుతున్నారు. అంతకంటె చాలా పెద్దదైన తిరునల్వేలి సంఘం ఆ పని చేయకపోవడం ఈయనకు సిగ్గుగా తోచింది. తిరిగివచ్చిన తరువాత, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు కారకుడయ్యాడు. భారతీయుల మనుషులు, భారతీయుల ధనం, భారతీయుల యాజమాన్యం అన్నవి ఆ సంఘపు మూల సూత్రాలు. ఆ సంఘం తన పనికై నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నది. 1905 డిసెంబరు 25న సేరంపూరులో ఏర్పడిన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకులలో కూడా అజరయ్య ముఖ్యుడు.

దోర్నకల్‌కు రాక

ఇతరులను పంపి తాను ఇంటివద్ద ఉండటం సరికాదని భావించి, అజరయ్య వై.ఎం.సి.ఏ. ఉద్యోగాన్ని వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది దోర్నకల్ చేరాడు. అప్పటికి ఈయన వయస్సు 35 సంవత్సరాలు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చుకొని, ఆ భాషలోనే ప్రసంగించాడు. రైలు, ఎద్దుల బండి, కాలినడక - వీలైన ప్రతి మార్గంలోను పల్లెలు తిరిగాడు.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియావాసులు చాలా కొద్దిమంది. ఆ సభలో అజరయ్య విదేశీ మిషనరీలకు, స్వదేశీ కార్యకర్తలకు మధ్య గల సంబంధాల గురించి మాట్లాడాడు. త్యాగం, దానం ఎంత చేసినా, స్నేహం లేనిదే ఆ సంబంధం నిజమైనది కాదని నిర్మొహమాటంగా చెప్పాడు. సభలో కొందరికి ఇది నచ్చలేదు. కాని ఆ మహాసభలో జరిగిన ప్రసంగాలలో ఎక్కువగా జ్ఞాపకం ఉంచుకోబడినది ఇదే.

బిషప్పు పదవి

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఒక భారతీయుడిని బిషప్పుగా నియమించాలని పట్టుబట్టాడు. తెల్లవారిలో కొందరు దీనిని వ్యతిరేకించారు. భారతీయ క్రైస్తవులలో కూడా కొందరికి సందేహాలుండేవి. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్యకు బిషప్పుగా అభిషేకం జరిగింది. మొదట ఈయనకు అప్పగించినది చిన్న మండలం. తరువాత, 1920ల తొలినాళ్ళలో, చర్చి మిషనరీ సొసైటీ, ఎస్.పి.జి. అనే రెండు ఆంగ్ల సంఘాల తెలుగు మిషనులు కూడా దోర్నకల్ మండలంలో చేరాయి. దీనితో ఆంగ్లేయ మిషనరీలు ఒక భారతీయ బిషప్పు అధికారం క్రింద పనిచేయవలసి వచ్చింది. బ్రిటిషు పాలనాకాలంలో ఇది అసాధారణమైన విషయం. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఈయనకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

కర్నూలు, కడప జిల్లాల సంఘాలు

దోర్నకల్ మండలంలో చేరిన ఎస్.పి.జి. మిషను ప్రాంతం కర్నూలు, కడప జిల్లాలలోనిది. ఈ ప్రాంతాన్ని అప్పట్లో దత్తమండలాలు అనేవారు. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంగా చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు తరువాత స్థిరపడింది. ఇక్కడ ప్రొటెస్టెంటు మిషను పని 1822లో లండన్ మిషను కడపకు రావడంతో మొదలైంది. జమ్మలమడుగులోని కాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషను స్థాపించినదే. ఎస్.పి.జి. వారు కడప జిల్లాలోని కలసపాడు, కర్నూలు జిల్లాలోని ముత్యాలపాడు, నంద్యాల, గిద్దలూరు మొదలైన చోట్ల పనిచేశారు. వీటిలో గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లాలో చేరింది. ముత్యాలపాడు, నంద్యాల 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఉపాధ్యాయ శిక్షణ, ఉన్నత విద్యలకు నంద్యాల కేంద్రమైంది.

ఇది వర్షాభావ ప్రాంతం. నల్లమల కొండలకు, కుందూ నదికి మధ్యనున్న నల్లరేగడి భూములలోను, మెట్ట చేలలోను జొన్న, కొర్ర, సజ్జ వంటివి ప్రధానమైన పంటలు. కర్నూలు-కడప కాలువ క్రింద ఉన్న భూములకు మాత్రమే నీటి వసతి ఉండేది. 1876-78 నాటి మహాక్షామం ఈ జిల్లాలను అన్నిటికంటె ఎక్కువగా పీడించింది. కర్నూలు జిల్లా జనాభాలో పెద్ద భాగం ఆ క్షామంలో తుడిచిపెట్టుకుపోయింది. క్షామకాలంలోను, ఆ తరువాతను తెలుగు ప్రాంతాలలో అనేక పల్లెలు కుటుంబాలకు కుటుంబాలుగా క్రైస్తవంలో చేరాయి.

చేరినవారిలో అధికులు మాలలు, మాదిగలు. వీరికి సొంత భూమి చాలా తక్కువ. రైతుల కళ్ళాలలో లభించే మేరలపైన, కూలిపైన, వెట్టి చాకిరీకి ప్రతిఫలంగా దక్కే ధాన్యంపైన బ్రతికేవారు. క్రైస్తవులైన తరువాత గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టడం, బలులలో పాల్గొనడం మానుకోవాలని సంఘం కోరేది. కాని ఆ పనులు ఊరి ఏర్పాటులో భాగాలు. వాటిని మానితే మేరలు ఆగిపోవచ్చు, కూలి దొరకకపోవచ్చు. ఒక కుటుంబం ఒంటరిగా ఈ ఒత్తిడిని తట్టుకోవడం కష్టం. కరువు సంవత్సరంలో మరీ కష్టం. విశ్వాసంలో నిలిచి ఉండటమనేది ఇక్కడ మనస్సుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. పొయ్యి మీది కుండకు సంబంధించినది కూడా.

స్వయంపోషణ

పేదలకు విదేశీ ధనంతో సాయం చేస్తూ పోవడం తేలిక. కాని అలా చేస్తే సంఘం ఎన్నటికీ తన కాళ్ళపై నిలబడదని అజరయ్య అభిప్రాయం. పేదవాడు కూడా ఇవ్వగలడని, ఇవ్వడంలోనే అతడికి గౌరవం ఉన్నదని ఈయన బోధించాడు. ఈ బోధ ఆచరణలో ఇలా ఉండేది. ఇల్లాలు వంటకు ధాన్యం కొలిచే ప్రతిసారి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ ధాన్యాన్ని గుడికి తేవాలి. పంట చేతికి వచ్చినప్పుడు ప్రథమ ఫలాల పండుగ జరిపి ధాన్యం, కోళ్ళు, కూరగాయలు కానుకగా ఇవ్వాలి. డబ్బు కంటికి కనబడని పల్లెలలో ఈ పద్ధతి బాగా సరిపోయింది. ఇలా చేరినది ఉపదేశకుల, గురువుల పోషణకు, బీదల సహాయానికి వినియోగపడేది.

ఈ విషయమై అజరయ్య ఆంగ్లంలో రాసిన క్రిస్టియన్ గివింగ్ అనే చిన్న పుస్తకం 1939లో వెలువడి, తరువాత అనేక భాషలలోకి అనువదించబడింది.

స్వయంపోషణతోపాటు సాక్ష్యమివ్వడం కూడా ప్రతి విశ్వాసి విధి అని ఈయన నియమం. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదని ఒప్పుకోవలసి ఉండేది. సంవత్సరంలో ఒక వారాన్ని సాక్ష్యవారంగా పాటించి, చదువు రాని కూలీలు, స్త్రీలు కూడా గుంపులుగా పొరుగు గ్రామాలకు వెళ్ళేవారు. పల్లె బడులు, రాత్రి బడులు, సహకార సంఘాలు, వైద్యశాలలు ఈ పనికి అనుబంధంగా సాగాయి. మద్యపానం, ఋణభారం, బాల్యవివాహాలను మాన్పించడానికి ఈయన పట్టుదలతో కృషి చేశాడు.

కుల సమస్య

మాల, మాదిగలు ఒకే పల్లెలో ఉన్నా ఒకే బావి నీరు త్రాగని రోజులవి. ఇద్దరూ క్రైస్తవులైన తరువాత కూడా వేరువేరుగా కూర్చోవడం, ఒకరి చేతి ప్రభుభోజన పాత్రను మరొకరు అంగీకరించకపోవడం జరుగుతుండేది. పై కులాలవారు తమను దూరంగా ఉంచడాన్ని నిందించేవారు, తమ క్రిందివారిని తామే దూరం పెట్టడం తగదని అజరయ్య వాదించాడు. ఇది ఒక్కరోజులో మారలేదు. ఈయన జీవితకాలంలో పూర్తిగా మారనూ లేదు. ఈయన పాలన కఠినంగా ఉండేదన్న విమర్శ కూడా ఉన్నది. క్రమశిక్షణ తప్పినవారిపట్ల ఈయన మెతకగా వ్యవహరించేవాడు కాదు.

గాంధీ, అంబేద్కర్

1930లలో మతాంతరీకరణ జాతీయ రాజకీయాలలో పెద్ద చర్చనీయాంశమైంది. దళితులు గుంపులుగా క్రైస్తవంలో చేరడాన్ని మహాత్మాగాంధీ తీవ్రంగా విమర్శించాడు. వారు మతాన్ని అర్థం చేసుకొని మారడం లేదని ఆయన భావన. అజరయ్య దీనిని అంగీకరించలేదు. ఏ మతాన్ని అనుసరించాలో నిర్ణయించుకొనే శక్తి, హక్కు చదువులేని కూలివాడికి కూడా ఉన్నాయని, ఆ హక్కును అతడి తరఫున మరెవ్వరూ వదులుకోరాదని ఈయన వాదం. అదే సమయంలో, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించడాన్ని అజరయ్య వ్యతిరేకించాడు. అవి క్రైస్తవులను దేశప్రజల నుండి వేరుచేసి, సంఘాన్ని ఒక రాజకీయ వర్గంగా మారుస్తాయని ఈయన భయం. ఈ విధంగా ఈయన ఒక విషయంలో గాంధీతో విభేదించి, మరొక విషయంలో జాతీయవాదులకు దగ్గరగా నిలిచాడు.

1935లో డా. బి.ఆర్. అంబేద్కర్ తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తరువాత, ఏ మతంలో చేరాలన్న ప్రశ్న వచ్చింది. క్రైస్తవులలో ఉన్న శాఖాభేదాలను గూర్చి అంబేద్కర్ వేసిన ప్రశ్నకు తనవద్ద సరియైన సమాధానం లేకపోయిందని అజరయ్య బాధపడ్డాడు. దేశమంతటా ఒకే కట్టుగా ఉన్న తనవారు అనేక ముక్కలైన సంఘంలో చేరితే చీలిపోరా అన్నది ఆ ప్రశ్న సారాంశం.

సంఘ ఐక్యత

శాఖల ఐక్యత అజరయ్యకు అప్పటికే పాత విషయం. 1919 మే నెలలో తరంగంబాడిలో ఆంగ్లికన్, దక్షిణ భారత ఐక్య సంఘాలకు చెందిన గురువులు సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చారు. ఆ సమావేశానికి అజరయ్య నాయకత్వం వహించాడు. ఇంగ్లండులో పుట్టిన తగాదాలను తెలుగు, తమిళ పల్లెలు ఎందుకు మోయాలన్నది వారి ప్రశ్న. 1927లో లాసేన్‌లోను, 1937లో ఎడిన్‌బరోలోను జరిగిన అంతర్జాతీయ ఐక్యతా సభలలో ఈయన పాల్గొన్నాడు. 1929 నుండి మరణించేవరకు భారత జాతీయ క్రైస్తవ పరిషత్తుకు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభ నిర్వహణలో కూడా ముఖ్యపాత్ర వహించాడు.

దోర్నకల్ కెథడ్రల్

దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ అజరయ్య కలలకు రూపం. ధనం చాలక నిర్మాణం ఏళ్ళ తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. స్తంభాలు దేవాలయ మండపాన్ని, గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి. క్రైస్తవ ఆరాధన ఈ దేశపు రూపంలోనే జరగాలన్న భావనకు ఇది నిదర్శనం. ఆరాధనలో తెలుగు కీర్తనలకు, ఉత్సవాలకు, నాటకాలకు కూడా ఈయన చోటు కల్పించాడు.

మరణం, తరువాతి పరిణామాలు

1945 జనవరి 1న అజరయ్య దోర్నకల్‌లో మరణించాడు. ఈయన కోరుకున్న ఐక్య సంఘం అప్పటికి ఇంకా ఏర్పడలేదు. రెండున్నర సంవత్సరాలకు పైగా గడిచిన పిమ్మట, 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ప్రారంభమైంది. దోర్నకల్ మండలం, రాయలసీమలోని లండన్ మిషను సంఘాలు అందులో భాగమయ్యాయి.

అయితే ఈ ఐక్యత అజరయ్య సొంత మండలంలోనే ఒకచోట ఆగింది. నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాలలోని వేలాదిమంది ఐక్య సంఘానికి వెలుపల ఉండిపోయారు. బిషప్పు చేత అభిషేకం పొందని గురువుల సేవను అంగీకరించడం తాము నేర్చుకొన్న బోధకు విరుద్ధమని వారిలో పలువురి అభిప్రాయం. ఎస్.పి.జి. మొదటి నుండి సంప్రదాయానికి, గురుత్వ క్రమానికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చిన సంస్థ. నంద్యాల క్రైస్తవులు తమ గురువుల నుండి నేర్చుకున్నది అదే. వీరు కొంతకాలం కలకత్తా మెట్రోపాలిటన్ పర్యవేక్షణలో ఉన్నారు. 1963లో నంద్యాల వేరు అధ్యక్ష మండలమైంది. 1970ల దశకంలో ఇది కూడా దక్షిణ ఇండియా సంఘంలో చేరింది.

ఈ పరిణామాన్ని అజరయ్య కృషి విఫలమైనదనడానికి ఆధారంగా కొందరు చూపుతారు. కాని రెండు పక్షాలూ తమను విశ్వాసపాత్రులుగానే భావించుకున్నాయన్నది గమనించవలసిన విషయం. ఒక పక్షానికి విశ్వాసపాత్రత అంటే అందుకున్న బోధను చెక్కుచెదరకుండా కాపాడటం. మరొక పక్షానికి తోటి విశ్వాసి నుండి విడిపోకుండా ఉండటం. అజరయ్య జీవితంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. ఈయన పోయిన తరువాత కొన్ని దశాబ్దాలపాటు అవి నంద్యాలలో వేరుపడి, తిరిగి కలిశాయి.

ప్రాముఖ్యత

అజరయ్య తరువాత భారతీయ బిషప్పులు సర్వసాధారణమయ్యారు. అందువలన మొదటివాడు అన్న గౌరవం కంటె, ఈయన వదిలిన పద్ధతులే ఎక్కువకాలం నిలిచాయి. పిడికెడు ధాన్యపు కానుక, పంట పండుగ నేటికీ అనేక తెలుగు క్రైస్తవ సంఘాలలో కొనసాగుతున్నాయి. వీటిలో కొన్ని ఈయనకు ముందునుండి ఉన్నవే అయినా, వాటిని సంఘజీవితానికి పునాదిగా చేసినవాడు అజరయ్య. మెట్ట పొలాల జొన్న గింజల నుండి కూడా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టగల కుటుంబం ఇతరుల దయపై మాత్రమే ఆధారపడిన కుటుంబం కాదన్నది ఈయన నమ్మకం.